పిలిస్తే చాలదు, తీసుకురావాలి

ఐక్యరాజ్య సమితి 1990లో అక్టోబర్ 1ని వయోవృద్ధుల దినంగా ఖరారు చేసింది. అప్పటినుంచి ఏటా ఆ రోజు మన జిల్లా కేంద్రాల్లో సభలు జరుగుతున్నాయి. శాలువాలు, పండ్లు, వేదిక మీద అతిథులు, కింద వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. వచ్చిన పెద్దవాళ్లలో ఎక్కువమంది నడవగలిగినవాళ్లు, నలుగురిలో కూర్చుని మాట్లాడగలిగినవాళ్లు, రిటైరై పెన్షన్ తీసుకుంటున్నవాళ్లు. వాళ్లను గౌరవించడంలో తప్పేమీ లేదు. కానీ ఆ పూట గడప దాటలేక ఇంట్లోనే ఉండిపోయిన అవ్వ సంగతి ఆ సభలో ఎవరికీ తెలియదు.

ఈ అధ్యాయం ఆ అవ్వ కోసం. మీ ఊళ్లో నెలకోసారి పొద్దుటి ఛాయ్ ఒకటి పెట్టి, ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం ఎలాగో చెబుతాను. ఉదాహరణకు కాటారాన్ని తీసుకుంటున్నాను. మీది ఏ ఊరైనా పేర్లు మారతాయి తప్ప పని మారదు.

ఇంగ్లండులో దీన్ని కాఫీతో చేస్తారు. మాక్మిలన్ అనే క్యాన్సర్ సేవాసంస్థ కోసం 1990లో మొదలైన కాఫీ ఉదయాలు ఇప్పుడు అక్కడ పెద్ద పండగ. ఇళ్లలో, ఆఫీసుల్లో కాఫీ తాగి, తోచినంత డబ్బు డబ్బాలో వేస్తారు. మనకు పనికొచ్చే పాఠం మాత్రం అంతకంటే పాతది. 1965లో ట్రెవర్ లిటిల్టన్ అనే ఆయన లండన్‌లో ఒంటరి వృద్ధుల కోసం ఒక సంస్థ పెట్టాడు. ఇప్పుడు దాని పేరు రీఎంగేజ్. డెబ్బై అయిదు దాటి ఒంటరిగా ఉంటున్నవాళ్లు కొద్దిమంది నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం ఎవరో ఒక వాలంటీరు ఇంట్లో టీకి కలుస్తారు. వాళ్లను ఇంటినుంచి కారులో తీసుకొచ్చి మళ్లీ ఇంట్లో దింపేది ఇంకో వాలంటీరు. ఆ ఏర్పాటు మొత్తంలో ప్రాణం ఆ కారే. టీ ఎవరైనా కాస్తారు. కారు లేకపోతే మాత్రం ఆ టీకి ఎవరూ రారు.

ఇక కాటారం. 2016 అక్టోబర్ దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు జయశంకర్ భూపాలపల్లి జిల్లా, ఎమ్మెల్యే ఓటు మాత్రం మంథనికి. పరకాల, భూపాలపల్లి మీదుగా కాళేశ్వరం, సిరొంచ వైపు సాగే 353సి జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. గారెపల్లి చౌరస్తాలో పొద్దున లేస్తే లారీల మోత, హోటళ్ల ముందు ఛాయ్ గ్లాసుల చప్పుడు. ఇక్కడ ఛాయ్‌కి కరువు లేదు, మనుషులకూ లేదు. చౌరస్తా నుంచి లోపలికి, పల్లెల్లోకి పోతే ఇంకో సంగతి కనిపిస్తుంది. చదువుకున్న పిల్లలు హైదరాబాదులో ఉన్నారు. సింగరేణిలో పని దొరికినవాళ్లు భూపాలపల్లిలోనో గోదావరిఖనిలోనో ఉన్నారు. కొందరు గల్ఫ్‌లో ఉన్నారు. ఊళ్లో ఉన్నవాళ్లు పొద్దుపొడుపుతోనే పత్తి చేనికో మిర్చి తోటకో పోతారు. తొమ్మిదయ్యేసరికి వాడంతా తాళాలు. ఎక్కడో ఒక అరుగు మీద మాత్రం ఒక ముసలి మనిషి కూర్చుని ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా. ఒంటరితనం మనసును పట్టి ఊరుకోదు. గుండెజబ్బు, మతిమరుపు లాంటి వాటి ముప్పును పెంచుతుంది. మన అవ్వలకు ఈ లెక్కలు చెప్పనక్కర్లేదు. “పొద్దు పోతలేదు బిడ్డా” అని వాళ్లు రోజూ చెబుతూనే ఉన్నారు.

ముందు పేర్లు రాసుకోండి

పింఛన్ పంచే రోజు పోస్టాఫీసు దగ్గర కాసేపు నిలబడండి. వరసలో ఒక అవ్వ బొటనవేలు కొంగుకు తుడుచుకుని మిషన్ మీద పెడుతుంది. పడదు. మళ్లీ తుడుచుకుని చూపుడువేలు పెడుతుంది. అదీ పడదు. నలభై ఏళ్లు కలుపు తీసి, పత్తి ఏరిన వేళ్ల మీద గీతలు ఎక్కడ మిగులుతాయి? పక్కనున్న ఇంకో అవ్వ “గట్టిగ ఒత్తు” అని సలహా చెబుతుంది. 2014లో ఆసరా పేరుతో వెయ్యి రూపాయలుగా మొదలై 2019లో 2,016 అయిన ఆ పింఛన్ వాళ్ల చేతికి డబ్బు ఒక్కటే ఇవ్వడం లేదు. నెలకోసారి ఇల్లు కదిలే పని, పది ముఖాలు చూసే సందు కూడా ఇస్తోంది.

ఆ వరసలో ఉన్నవాళ్లు మీకు అవసరమే. వాళ్లకంటే ముందు కావలసింది మాత్రం వరసలో లేనివాళ్లు. “మీ వాడలో రాలేనోళ్లు ఎవరున్నరవ్వా?” అని అడగండి. పోస్టుమాస్టర్ మీకు జాబితా ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. అవ్వలు మాత్రం పేరు, ఇల్లు, జబ్బు, కోడలి స్వభావం సహా చెబుతారు. తర్వాత ఆశ కార్యకర్తను కలవండి. ఏ ఇంట్లో బీపీ గోళీలు మింగకుండా మిగిలిపోతున్నాయో ఆమెకు తెలుసు. రేషన్ డీలర్‌కు ఎవరు రావడం మానేశారో తెలుసు.

ఒంటరి అనగానే ఒక్కరే ఉండేవాళ్లని అనుకుంటాం. అలా అనుకుంటే సగం పేర్లు తప్పిపోతాయి. కొడుకు పక్కా ఇల్లు కట్టుకుంటే వెనక రేకుల షెడ్డులో ఉంటున్న తాత ఉంటాడు. కాగితం మీద ఆయన కుటుంబంతోనే ఉన్నట్టు లెక్క. పక్షవాతం వచ్చిన భర్తను చూసుకుంటూ ఏళ్లుగా గడప దాటని పెద్దమ్మ ఉంటుంది. ఆమెను ఛాయ్‌కి పిలిస్తే రాలేదు. ఆ రెండు గంటలు ఆయన మంచం దగ్గర కూర్చునే మనిషిని పంపిస్తేనే వస్తుంది. మొదటిసారికి పన్నెండు మంది చాలు, ఇరవై అయిదు మించనివ్వకండి. ఆ పన్నెండులో ఎక్కడికీ పోనివాళ్లు ముగ్గురుంటే మీ కార్యక్రమం గెలిచినట్టే.

“నాకెందుకు బిడ్డా”

పిలవడానికి వెళ్తే వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. “నాకెందుకు బిడ్డా, మీరు తాగుండ్రి.” మర్యాద కోసం అన్న మాట అనుకుని వచ్చేస్తారు చాలామంది. అలా రాకండి, గడప మీద కూర్చోండి. ఆ మాట వెనక చాలా ఉంటాయి. మోకాళ్ల నొప్పి. ఉన్న మంచి చీర ట్రంకు పెట్టెలో అడుగున ఉండటం. మూత్రం ఆపుకోలేనేమోనన్న భయం, ఇది ఎవరూ పైకి చెప్పరు. చెవులు సరిగా వినిపించవు కాబట్టి నలుగురిలో నవ్వులపాలవుతానేమోనన్న బెరుకు. కోళ్లను ఎవరు చూస్తారన్న చింత. నిజంగానే కోళ్ల చింత! ఒక్కొక్కటీ విప్పితే ప్రతిదానికీ ఉపాయం ఉంది. “మరుగుదొడ్డి పక్కనే ఉంది, తొవ్వల మెట్లు లేవు, నేను ఆటో తెస్త, పది గంటలకల్ల ఇంట్ల దింపుత” అని చెప్పండి. అవ్వ అప్పటికీ అవుననకపోవచ్చు. కానీ ఆ పొద్దున తల దువ్వుకుని ఉంటుంది.

పిలుపు గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర ఆడవాళ్లను పేరంటానికి బొట్టు పెట్టి పిలుస్తాం. దీనికి అలా పిలవకండి. మీరు వెతుకుతున్న వాళ్లలో చాలామంది భర్త పోయినవాళ్లు. బొట్టు భరిణ చూడగానే వాళ్లు తలుపు చాటుకు తప్పుకుంటారు. ఏళ్లకేళ్లుగా శుభకార్యాల్లో వెనక నిలబడటానికి అలవాటుపడినవాళ్లు వాళ్లు. ఇది వాళ్లు ముందు కూర్చునే చోటని పిలుపులోనే తెలియాలి.

కొడుకులతో, కోడళ్లతో ముందే మాట్లాడటం అంతకంటే ముఖ్యం. “మా అమ్మకు మేం ఛాయ్ పోస్తలేమా? ఊరోళ్లు పోయాల్నా?” అన్న మాట తప్పకుండా వస్తుంది. అది పరువుకు సంబంధించిన బాధ, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అందుకే బ్యానర్ మీద ‘నిరాదరణకు గురైన’, ‘అనాథ’, ‘నిరుపేద’ లాంటి మాటలు పెట్టకండి. అసలు బ్యానరే వద్దు. ఫొటోలు వద్దు. వాట్సాప్ గ్రూపులో తల్లి ఫొటో చూసి సౌదీలో ఉన్న కొడుకు నొచ్చుకుంటే, ఆ తల్లి ఇక మళ్లీ రాదు. కోడలిని కూడా ఒకసారి వచ్చి కూర్చోమనండి. ఆ పూట ఆమెకూ కాస్త విశ్రాంతే.

చోటు, కుర్చీ, కప్పు

ఎవరింట్లోనైనా పెడదామని ఉత్సాహం వస్తుంది. ఇంగ్లండులో అది నడుస్తుంది. మన పల్లెల్లో ఇంటికో కులం ఉంది, వాడకో హద్దు ఉంది. పెద్దిళ్లలో పెడితే దళితవాడ అవ్వ వాకిట్లోనే నిలబడుతుంది. రమ్మన్నా లోపలికి రాదు. విడి గ్లాసులు చూసిన తరం అది. ఛాయ్ దగ్గర ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంటుంది. కాబట్టి అందరిదీ అయిన చోటు చూసుకోండి. పంచాయతీ ఆఫీసు వరండా, సెలవురోజు బడి, రైతు వేదిక, మహిళా సంఘం భవనం, వీటిలో ఏదైనా సరే. అందరికీ ఒకే రకం కప్పులు, ఒకే బల్ల. వడ్డించే చేతులు కూడా అన్ని వాడలవి అయితే ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

కింద జంపఖానా పరిస్తే అందంగా ఉంటుంది గానీ కూర్చున్నవాళ్లు లేవలేరు. చేతులున్న కుర్చీలు తెప్పించండి. మట్టి మీద ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు దిగబడతాయి, గచ్చు మీద వేయండి. వరసలుగా కాదు, అయిదారుగురికి ఒక గుండ్రం. మైకు అసలే వద్దు. చెవి మందగించినవాళ్లకు మైకు మోతలో పక్కవాళ్ల మాట ఒక్కటీ అందదు. సర్పంచ్ గారు వస్తే ఉపన్యాసం అడక్కుండా చేతికి ఛాయ్ కెటిల్ ఇవ్వండి. పోస్తూ తిరిగితే ఆయనకూ నలుగురి సంగతులు తెలుస్తాయి.

వేళ సంగతికొస్తే, పెద్దవాళ్ల మొదటి ఛాయ్ ఆరింటికే అయిపోతుంది. ఎనిమిదికి మొదలుపెట్టి పదికి ముగించండి, ఎండాకాలమైతే ఇంకో గంట ముందుకు జరపండి. అంగడి రోజు పెట్టకండి. షుగర్ గోళీలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో ఆగకూడదు కాబట్టి ఎనిమిదిన్నరకల్లా టిఫిన్ చేతికందాలి.

పాతికమందికి రెండేసి విడతల ఛాయ్ అంటే అయిదు లీటర్లు. మూడు లీటర్ల పాలు, రెండు లీటర్ల నీళ్లు, అల్లం ముక్క. చక్కెర గిన్నెలో కలపొద్దు, విడిగా పెట్టండి. సగంమందికి అది పడదు, మిగతావాళ్లకు మీరేసింది చాలదు. కిలోన్నర రవ్వతో ఉప్మా మెత్తగా, కొంచెం జారుగా చేయాలి. సకినాలు, సర్వపిండి మన గొప్పే గానీ పళ్లు లేని నోటికి అవి శిక్ష. తీపి ఉండాలంటే మలీద ముద్ద చిన్నది చేయండి. దాన్ని చూడగానే బతుకమ్మ పండగ మాటలు వాటంతటవే మొదలవుతాయి.

చేయి వణికేవాళ్లకు కాగితపు కప్పు పెద్ద గండం. పట్టుకుంటే నలుగుతుంది, వేళ్లు కాలుతాయి. పింగాణీ కప్పు, సాసరు తెప్పించి కప్పులో సగమే పోయండి. తాత కప్పును రెండు చేతులా పట్టుకుని సాసర్‌లోకి వంచి, ఊదుకుని, జుర్రుమని తాగుతాడు. ఇంట్లో మనవడు ఆ చప్పుడుకు విసుక్కుంటాడు. ఇక్కడ పదిమంది అలాగే తాగుతారు.

మాటలు

కూర్చోబెట్టగానే మాటలు రావు. ఏళ్లుగా మాట్లాడే మనిషి లేనివాళ్లకు కొంచెం సమయం పడుతుంది. ఆస్ట్రేలియాలో 1990లలో మగవాళ్ల కోసం పనిషెడ్లు మొదలయ్యాయి. రిటైరైన మగవాళ్లు అక్కడ చేరి కొయ్యపని, మరమ్మతులు చేసుకుంటారు. ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు విప్పని మగవాళ్లు పక్కపక్కన పనిచేస్తుంటే మాట్లాడతారని వాళ్లు కనిపెట్టారు. మన అవ్వలకూ అంతే. చేతికి పని ఇవ్వండి. పల్లికాయ ఒలవడం, చింతపండులో గింజ తీయడం, పత్తితో వత్తులు చేయడం. తాతలకు ఒక పాత నులక మంచం తెచ్చి పడేయండి. ఎలా అల్లాలో నలుగురు నాలుగు రకాలుగా చెప్పి పోట్లాడుకుంటారు. ఆ పోట్లాటే మీకు కావలసింది.

“పిల్లలెంతమంది, ఏం చేస్తున్నరు?” అని మాత్రం మొదట అడగకండి. మహదేవపూర్, కాటారం అడవి పల్లెల్లో ఎనభైలు, తొంభైలలో ‘లోపలికి’, అంటే నక్సల్ దళాల్లోకి, పోయిన కొడుకులున్నారు, తిరిగిరాని కూతుళ్లున్నారు. ఉన్న పిల్లలు ఫోను చేయని ఇళ్లూ ఉన్నాయి. ఆ సంగతి వాళ్లు చెప్పాలనుకున్నప్పుడు చెబుతారు. మీరు మానేరు వరదల గురించి అడగండి, ప్రతాపగిరి కోట గురించి అడగండి, ఊరికి మొదట కరెంటు ఎప్పుడొచ్చిందో, అంతకుముందు కాళేశ్వరం జాతరకు ఎలా పోయేవాళ్లో అడగండి.

డబ్బు

ఒక పూటకు అయ్యే ఖర్చులో సగం ఆటోలకే పోతుంది. పోనివ్వండి. అక్కడ మిగుల్చుకుంటే అసలు రావలసినవాళ్లు రారు. మిగతా సగం ఊరే ఇస్తుంది. పాలు ఒకరు, రవ్వ ఒకరు, గ్యాస్ ఒకరు. ఒక డబ్బా పెట్టి, వచ్చిన చుట్టాలను, దసరాకు సంక్రాంతికి ఊరొచ్చిన పిల్లలను తోచినంత వేయమనండి. బయట ఉన్నవాళ్లు ఫోనులో పంపుతారు. పైసా వచ్చినా పోయినా పంచాయతీ బోర్డు మీద సుద్దతో రాయండి. ఊళ్లో సేవాపనులు డబ్బు లేక ఆగవు, లెక్క చెప్పక ఆగుతాయి.

పెద్దవాళ్లే సంపాదించి పెట్టే దారి కూడా కాటారానికి ఉంది. కాళేశ్వరం పోయే తొవ్వ మీద ఉన్న ఊరు ఇది. ఒకే పానవట్టం మీద రెండు శివలింగాలున్న ఆ గుడికి కార్తీకంలో, శివరాత్రికి జనం పోటెత్తుతారు. అవ్వలు చేసిన వత్తులు పొట్లాలు కట్టి చౌరస్తాలో అమ్మితే వచ్చే నెల పాలఖర్చు వెళ్లిపోవచ్చు. మొత్తం చిన్నదే గానీ, తమ ఛాయ్ తామే తాగుతున్నామన్న ధీమా చిన్నది కాదు.

దుప్పట్లు, చీరలు ఇదే పూట పంచాలని దాతలు ముచ్చటపడతారు. గట్టిగా వద్దనండి. ఒకసారి పంచితే వచ్చే నెల జనం వస్తువు కోసం వస్తారు, అందనివాళ్లు అలుగుతారు, ఛాయ్ చల్లారిపోతుంది. పోగైన డబ్బు కళ్లద్దాలకు, రబ్బరు బుడిపె ఉన్న చేతికర్రకు, ఆస్పత్రి ఆటోకు వాడండి. ఆ ఇచ్చేది ఇంటికి వెళ్లి ఇవ్వండి.

రెండు మూడు నెలలు గడిచాక గుండె లోపలి మాటలు బయటకొస్తాయి. భూమి రాయించుకుని కొడుకు బువ్వ పెట్టడం లేదని ఒకరు చెప్పవచ్చు. అక్కడే పంచాయతీ పెట్టి కొడుకును పిలిపిస్తే రాత్రికి ఆ తల్లే బాధపడుతుంది. ముందు వినండి. ఆమె సరేనంటేనే అడుగు వేయండి. 14567కు ఫోన్ చేస్తే వృద్ధుల సహాయవాణి పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. టాటా ట్రస్టుల చేయూతతో హైదరాబాదులో మొదలైన ఆ సేవను 2021లో దేశమంతటికీ విస్తరించారు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలు అవసరం లేదు, నెలకు పదివేల రూపాయల దాకా పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉంది. ఆలనాపాలనా చూస్తామన్న షరతుతో ఆస్తి రాయించుకుని చూడకపోతే ఆ రాతనే రద్దు చేయవచ్చు. ఈ నంబరును, ఈ మాటలను గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి.

వచ్చినవాళ్లు లేవకముందే వచ్చే నెల తారీఖు చెప్పండి. తారీఖు మార్చకండి, వాన పడినా మార్చకండి. ఒకసారి చేసి మానేయడం కంటే అసలు చేయకపోవడం మేలు, ఎందుకంటే ఆ అవ్వ నెల పొడుగునా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటుంది. రానివాళ్ల ఇంటికి ఆ సాయంత్రమే వెళ్లి చూడండి. ఆర్నెల్లు తిరిగాక ఉప్మా ఎవరు చేయాలో, చందా ఎవరు వసూలు చేయాలో పెద్దవాళ్లకే వదిలేయండి. మీకంటే బాగా చేస్తారు, మీ ఉప్మాకు వంకలు కూడా పెడతారు.

కాటారంలో పొయ్యి, గిన్నెలు, కుర్చీలు ఏ టెంట్ హౌస్‌లో అడిగినా దొరుకుతాయి, పాలు తెల్లారి తెచ్చుకోవచ్చు. ఆటో మాత్రం ముందురోజే మాట్లాడి పెట్టుకోండి.